క్రిస్టా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: 92 వేల కిలోమీటర్ల దగ్గర మార్చాలా, వద్దా?

లంకల బాటసారి (అమలాపురం)

సభ్యులందరికీ నమస్కారం. మాది 2017 నాటి ఇన్నోవా క్రిస్టా 2.8 డీజిల్ ఆటోమేటిక్. రీడింగు 92 వేలు దాటింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంతవరకు మార్చలేదు. ఒక సర్వీసు కేంద్రంలో అడిగితే అది జీవితకాలపు ఆయిల్ కాబట్టి ముట్టుకోనవసరం లేదన్నారు. మరొకచోట లక్ష దాటకముందే మార్చి తీరాలన్నారు. బండి బాగానే నడుస్తోంది. పొద్దున్నే మొదటిసారి రివర్సు వేసినప్పుడు మాత్రం గేరు పడటం కాస్త ఆలస్యమై చిన్న కుదుపు వస్తోంది. మా తిరుగుడంతా రాజోలు, సఖినేటిపల్లి వైపు. తరచుగా పంటు (బండ్లను నది దాటించే పడవ) మీద నరసాపురం దాటుతుంటాం. వరదల రోజుల్లో కాజ్‌వేల మీద నీళ్లలోంచి నడపక తప్పదు. మార్చాలా, మారిస్తే ఏ పద్ధతిలో చేయించాలి అన్నది అనుభవమున్నవారు వివరంగా రాయగలరు.

షెడ్డు మాస్టారు (రావులపాలెం)

మార్చండి. కంపెనీవారు జీవితకాలం అన్నప్పుడు వారి లెక్కలో ఉండేది మామూలు వాడకం. అదే పుస్తకంలో కఠినమైన వాడకం అని వేరే షరతులు ఉంటాయి: ఎక్కువ వేడి, బరువు లాగడం, ఆగుతూ సాగే ప్రయాణం, తక్కువ దూరాల తిరుగుడు. ఈ షరతుల్లో మన డెల్టా బండికి వర్తించనిది వెతికినా దొరకదు. గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్‌లకు 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, ఆయిల్ మార్చమని సూచిస్తుంది. మీ బండిలో ఉన్నది జడ్‌ఎఫ్ కాదు గాని ఆయిల్ పాతబడే తీరు ఎవరి పెట్టెలోనైనా ఒక్కటే.

అయితే పొద్దుటి ఆలస్యానికి ఆయిల్ పాతబడటమే కారణమని ఇప్పుడే తేల్చకండి. ఆయిల్ మట్టం తక్కువగా ఉన్నా అలాగే ఉంటుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కొంత కిందికి దిగిపోతుంది. పొద్దున్నే పంపు దాన్ని మళ్లీ నింపి ప్రెషరు అందించేలోగా ఆ క్షణం గడుస్తుంది. కాబట్టి మొదట మట్టం చూపించండి. కింద ఎక్కడైనా కారిన మరక ఉందేమో, ముఖ్యంగా ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పైపుల చివర్లలో, చూడమనండి.

గట్టురోడ్డు (పాలకొల్లు)

నాదొక సందేహం. పాత ఆటోమేటిక్‌లో ఆయిల్ కదిలిస్తే గేర్‌బాక్స్ పోతుందని మా ఊళ్లో ఇద్దరు మెకానిక్‌లు గట్టిగా చెప్తారు. మా బంధువుల బండి ఒకటి ఆయిల్ మార్చిన నెలలోపే ముందుకు కదలకుండా ఆగిపోయింది. బాగా నడిచే దాన్ని ఎందుకు కెలకాలి?

షెడ్డు మాస్టారు (రావులపాలెం)

గట్టురోడ్డు గారూ, ఆ బండిని ఆయిల్ మార్చడానికి ఎప్పుడు తీసుకెళ్లారో ఒకసారి అడగండి. తొంభై పాళ్లు గేర్లు జారడం మొదలయ్యాకే తీసుకెళ్లి ఉంటారు. లోపలి క్లచ్ ప్లేట్లకు కాగితంలాంటి పొర అతికించి ఉంటుంది. ఆ పొర అరిగిపోయాక ఎంత మంచి ఆయిల్ పోసినా తిరిగి రాదు. చావుబతుకుల మధ్య ఆసుపత్రికి తెచ్చిన మనిషి పోతే, మందే చంపిందని ఎవరూ అనరు కదా.

మీ మెకానిక్‌ల మాటలో కొంత నిజం లేకపోలేదు. లక్షలు తిరిగిన పెట్టెలో యంత్రం పెట్టి ప్రెషరుతో ఒకేసారి కడిగితే, ఎక్కడో పేరుకున్న మడ్డి లేచి గేర్లకు ఆయిల్‌ను మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే పాత బండికి నేను ఫ్లష్ చెయ్యను. చాంబరు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు విప్పి, దిగినంత దింపి, అంతే కొత్తది పోస్తాను. ఇప్పటికే గేరు జారుతున్న బండి వస్తే, ముందుగా యజమానికి పరిస్థితి చెప్పి, ఒప్పుకుంటేనే చేయి వేస్తాను.

రెండు పెడళ్లు (రాజమహేంద్రవరం)

దింపి పోసే పద్ధతిలో ఎంత కొత్త ఆయిల్ చేరుతుందన్నది లెక్క వేసి చూస్తే మంచిది. బోల్టు విప్పితే దిగేది చాంబరులోనిది మాత్రమే. టార్క్ కన్వర్టర్, వాల్వ్ బాడీ, కూలర్, పైపులలో ఉన్నది లోపలే ఉండిపోతుంది. దిగేది మొత్తంలో 40 శాతం అనుకుందాం. ఒకసారి చేస్తే పాతది 60 శాతం మిగులుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ చేస్తే 36, మూడోసారికి దాదాపు 22. అంటే మూడు విడతలకు నూటికి 78 పాళ్లు కొత్తదవుతుంది. నాలుగో విడతకు 87 వరకే పోతుంది కాబట్టి అక్కడి నుంచి ఆయిల్ ఖర్చుకు తగిన ఫలితం ఉండదు. రెండు విడతల దగ్గర ఆపి, మళ్లీ 40 వేల కిలోమీటర్లకు ఒక విడత చేసుకున్నా చాలునని నా అభిప్రాయం.

ఇక సఖినేటిపల్లి రేవు సంగతి. లంకల బాటసారి గారూ, పంటు ఎక్కేందుకు రేవు వాలులో వరుసలో నిలబడినప్పుడు మీ డ్రైవరు బండిని బ్రేకు మీద ఆపుతారా, లేక డీ (ముందుకు నడిచే గేరు)లో ఉంచి యాక్సిలరేటరుతో వెనక్కి జారకుండా పట్టుకుంటారా? రెండోది అయితే ఇంజను శక్తంతా టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్‌ను చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. అదే పని పరీక్ష కోసం చేసేటప్పుడు కూడా అయిదు సెకన్లు మించవద్దని మాన్యువళ్లు హెచ్చరిస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్ల మోటు లెక్క. ఆయిల్ వయసును మీటరు రీడింగు కన్నా ఆ రేవు వాలే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

లంకల బాటసారి (అమలాపురం)

డ్రైవరును అడిగాను. యాక్సిలరేటరుతోనే పట్టుకుంటాడట. క్లచ్ బండికి అలవాటైన కాలు. ఇకపై బ్రేకు మీద, ఎక్కువసేపు ఆగితే పార్కింగ్ బ్రేకు వేసి న్యూట్రల్‌లో ఉంచమని చెప్పాను. నీళ్లలో నడపడం గురించి ఎవరూ రాయలేదు. కాజ్‌వేల మీద నీరు చక్రాల సగం వరకు వస్తుంది. దానివల్ల గేర్‌బాక్స్‌కు హాని ఉంటుందా?

ఉప్పుగాలి (నరసాపురం)

ఉంటుంది, అది కూడా మనం ఊహించని దారిలో వస్తుంది. గేర్‌బాక్స్‌కు పైభాగంలో గాలి పీల్చి వదిలే బ్రీదర్ ఉంటుంది. నడిచి వచ్చిన పెట్టె లోపల ఆయిల్ 80, 90 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అలాంటి బండిని గోదావరి చల్లని నీళ్లలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, బయటినుంచి దొరికినదాన్ని లోపలికి లాక్కుంటుంది. బ్రీదర్ నీటిపైన ఉంటే గాలి వెళ్తుంది, మునిగితే నీరు వెళ్తుంది. సీళ్లు పాతబడి ఉంటే వాటి అంచుల నుంచి కూడా కొంత చెమ్మ దిగవచ్చు.

చక్రాల సగం లోతైతే బ్రీదర్ వరకు రాకపోవచ్చు. వేగంగా వెళ్లి కెరటం లేపితే మాత్రం వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ల ముందే మునిగిన బండ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి బండిని ఆటోమేటిక్ అయినా, కాకపోయినా, స్టార్టు చేయకుండా షెడ్డుకు చేర్చాలి. ఆటోమేటిక్‌ను మాత్రం తాడు కట్టి లాగకూడదు. ఇంజను తిరగనిదే లోపలి పంపు తిరగదు, పంపు తిరగనిదే గేర్లకు ఆయిల్ అందదు. క్రిస్టాకు వెనక చక్రాల నడక కాబట్టి వెనక చక్రాలు పైకెత్తి, లేదా నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా లారీ మీద పెట్టి తీసుకుపోవాలి.

నీరు కలిసిన ఏటీఎఫ్‌ను, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను, గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఎర్రగా, పారదర్శకంగా ఉండవలసింది రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులోకి మారి, మబ్బుగా కనిపిస్తుంది.

షెడ్డు మాస్టారు (రావులపాలెం)

ఉప్పుగాలి గారి మాటకు ఒకటి చేర్చాలి. ఆ రంగు కనిపిస్తే వరదనీరే వెళ్లిందని అనుకోవద్దు. కొన్ని బండ్లలో ఏటీఎఫ్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిల్లు పడితే కూలెంట్ వచ్చి గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు కూలెంట్ ట్యాంకులో కూడా జిడ్డు తేలుతుంది. ఏది కలిసినా ఫలితం ఒక్కటే: నీరు క్లచ్ ప్లేట్ల కాగితపు పొరలోకి ఇంకి, అతికించిన జిగురును వదిలిస్తుంది. ఆలస్యం చేసినకొద్దీ ప్లేట్లు ఒలిచినట్టు ఊడిపోతాయి. తొందరగా గుర్తిస్తే ఆయిల్ రెండు మూడు విడతలు దింపి పోసి కాపాడినవి ఉన్నాయి. వారం నడిపి తెచ్చిన వాటిని విప్పక తప్పలేదు.

చెరువుగట్టు (భీమవరం)

మా వైపు ఇంకో బాధ ఉంది. రొయ్యల చెరువుల నీరు, చేపల లారీల నుంచి కారే ఉప్పునీరు పడి రోడ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. మా బండి చాంబరు అడుగు తుప్పుపట్టి, డ్రెయిన్ బోల్టు తల గుండ్రమైపోయింది. విప్పబోయిన కుర్రవాడు రెంచి జార్చి మరికొంత తినేశాడు. ఆటోమేటిక్‌కు ఆయిల్ మార్చబోయేవారు బోల్టూ వాషరూ ముందే కొని పెట్టుకోవడం మంచిది. నేను మాత్రం అడగదలుచుకున్నది వేరే విషయం. మా అబ్బాయి వేగన్ ఆర్ కొన్నాడు, క్లచ్ లేని రకం. దానికి కూడా ఈ ఏటీఎఫ్ పోయాలా?

రెండు పెడళ్లు (రాజమహేంద్రవరం)

వద్దండి. అది ఏఎంటీ. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. పెట్టెలో పోసేది మాన్యువల్‌కు పోసే గేరాయిలే. గేర్లు మార్చే హైడ్రాలిక్ భాగానికి చిన్న డబ్బాలో వేరే ఆయిల్ ఉంటుంది. రెండూ ఒకటి కావు. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ అయితే ఇంకా జాగ్రత్త అవసరం. అందులో ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య జారకుండా పట్టు నిలిపేది ఆ ఆయిలే. దానిలో మామూలు ఏటీఎఫ్ పోస్తే పట్టు తప్పి బెల్టూ పుల్లీలూ గీరుకుపోతాయి. హోండాకు హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కు ఎన్‌ఎస్-3 అని ఎవరిది వారికి ఉన్నది అందుకే.

క్రిస్టాకు కావలసింది టొయోటా డబ్ల్యూఎస్ తరగతి ఏటీఎఫ్. ఇది పాత డెక్స్‌రాన్ 3 కంటే పలచన. రంగు ఎరుపే కదా అని ఆ పాతదాన్ని పోసే షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి. రంగు కేవలం కారింది ఏ ఆయిలో గుర్తుపట్టడానికి కలిపేది; దానికీ గుణానికీ సంబంధం లేదు. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా, ఎంత వేగంగా పట్టుకోవాలన్నది ఆయిల్‌లో కలిపిన ఘర్షణ నియంత్రకాల మీద ఆధారపడి ఉంటుంది. 1970ల మొదటి ఏళ్ల వరకు ఆ పనికి తిమింగలం నూనె వాడేవారంటే ఈ తరానికి వింతగా ఉంటుంది. దాన్ని నిషేధించాకే రసాయన మిశ్రమాలతో కొత్త తరగతులు వచ్చాయి.

కాకినాడ కెరటం (కాకినాడ)

మా పరిచయస్తుల బండిలో ఒక షెడ్డువారు ఏదో అన్ని బండ్లకూ సరిపోయే ఆయిల్ అని పోశారు. రెండో గేరు నుంచి మూడోది పడేటప్పుడు వణుకు మొదలైంది. మళ్లీ అంతా దింపి సరైనది పోయించాక తగ్గింది కానీ ఖర్చు రెండింతలైంది. సీసా మీద ఆ తరగతి పేరు అచ్చు వేసి ఉందా, లేక సరిపోతుంది అని మాత్రమే రాశారా అన్నది చూసి కొనండి. సీలు మీ కళ్లముందే తీయించండి.

షెడ్డు మాస్టారు (రావులపాలెం)

పని చేసే పద్ధతి ఇప్పుడు రాస్తాను. ఎక్కువమంది తప్పేది మట్టం చూసే దగ్గరే కాబట్టి దాని గురించి కాస్త విస్తరించి చెప్పవలసి ఉంది.

మొదటి నియమం: దింపే బోల్టు ముట్టుకోకముందు, నింపే బోల్టు ఊడుతుందో లేదో చూడాలి. ఉన్న ఆయిల్ దింపేసి, నింపే బోల్టు బిగుసుకుపోయిందని తెలిస్తే ఆ బండి షెడ్డులోనే ఉండిపోతుంది. దిగిన ఆయిల్‌ను గీతలున్న డబ్బాలో పట్టి కొలవాలి. మొదట అంతే కొలతతో కొత్తది పోయాలి. చాంబరు విప్పితే అందులోని అయస్కాంతాలను చూడండి. వాటి మీద నల్లటి మెత్తని పేస్టు ఉంటే అది వయసుతో వచ్చేదే. వేలికి గుచ్చుకునే లోహపు పెళ్లలు కనిపిస్తే పని అక్కడే ఆపి, యజమానిని పిలిచి చూపించాలి. చాంబరు బోల్టులు చిన్నవి. గట్టిగా బిగిస్తే గ్యాస్కెట్ నలిగి అక్కడే కారుతుంది. టార్క్ రెంచి లేని షెడ్డులో చాంబరు విప్పించకండి.

ఇక మట్టం. క్రిస్టాలో ఇంజను ఆయిల్‌కు ఉన్నట్టు గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ లేదు. చాంబరు దగ్గర పొంగుడు బోల్టు ఒకటి ఉంటుంది. బండి నాలుగు మూలలా సమంగా నిలబడి ఉండాలి. ఇంజను నడుస్తుండగా బ్రేకు నొక్కి, గేరు సెలెక్టరును పీ (పార్కింగ్) నుంచి డీ వరకు ఒక్కొక్క చోట కాసేపు ఆపుతూ తిప్పి, మళ్లీ పీలోకి తేవాలి. ఆ తర్వాత ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు ఆ బోల్టు విప్పితే, ఎక్కువున్నది ధారగా కారి, చివరికి చుక్కలుగా మారుతుంది. చుక్కల దగ్గర బిగించేయాలి. ఏమీ రాకపోతే వచ్చేవరకు పోయాలి. ఆ వేడి చాలా టొయోటా పెట్టెలకు 35 నుంచి 45 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మీ బండికి కచ్చితమైన అంకె వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోవాలి. వేడిని చేత్తో తాకి చెప్పడం కాదు, బండి కంప్యూటరుకు స్కానర్ తగిలించి ఆయిల్ ఉష్ణోగ్రతే చదవాలి.

ఇక్కడే మన ఎండలు దెబ్బతీస్తాయి. మే నెలలో షెడ్డు రేకుల కింద గాలే 42 డిగ్రీలుంటే, రాత్రినుంచి కదలని బండిలో కూడా ఆయిల్ 40 దగ్గర మొదలవుతుంది. ఇంజను స్టార్టు చేసిన రెండు మూడు నిమిషాలకే గీత దాటిపోతుంది. దాటాక బోల్టు విప్పితే, వేడికి ఉబ్బిన ఆయిల్ ఉండవలసినదానికన్నా ఎక్కువ కారిపోతుంది. చల్లారాక మట్టం తక్కువవుతుంది. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. బండి బాగా నడిచేది, ఆయిల్ మార్చాక చెడిందనే కథల్లో ఎన్నో ఈ ఒక్క కారణంతో పుట్టినవే. అందుచేత ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా తొలకరి పడేదాకా ఆగండి.

గట్టురోడ్డు (పాలకొల్లు)

ఈ వివరణతో మా బంధువుల బండి గురించి నా అనుమానం మారింది. వారు మార్పించింది మే నెలలో, మధ్యాహ్నం. స్కానర్ పెట్టారా అని అడిగితే అలాంటిదేమీ చూడలేదన్నారు. అయినా అంతకుముందే గేరు జారేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు కాబట్టి నేరం మొత్తం ఎండమీదికి తోయలేను.

ఉప్పుగాలి (నరసాపురం)

దింపిన పాత ఆయిల్‌ను కాలువలోకి వదిలే అలవాటు కొన్ని షెడ్లకు ఉంది. మన ఊళ్ల తాగునీటి చెరువులన్నీ ఆ కాలువలతోనే నిండుతాయన్నది వేరే చెప్పనవసరం లేదు. కాలువలు కట్టేసిన రోజుల్లో ఒడ్డున పోసినా, నీళ్లు వదిలాక అది కిందికే పోతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్‌ను గుర్తింపు ఉన్న పునర్వినియోగదారులకే ఇవ్వాలి. మీ మెకానిక్ దాన్ని డ్రమ్ములో పోగుచేసి అమ్ముతున్నాడా అని ఒకసారి అడిగి చూడండి. అడిగేవారుంటే కొంతైనా భయం ఉంటుంది.

లంకల బాటసారి (అమలాపురం)

నిన్న తెల్లవారుజామున పని చేయించాను. ముందు మట్టం చూశారు. పొంగుడు బోల్టు విప్పితే ఒక్క చుక్క కూడా రాలేదు. కూలర్ పైపు కలిసేచోట తడి ఉంది, అక్కడ వాషరు మార్చారు. దిగిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, మాడు వాసన లేదు, మబ్బుతనం లేదు. అయస్కాంతాల మీద పేస్టు తప్ప పెళ్లలేవీ కనిపించలేదు. దిగినదాని కన్నా కొంచెం ఎక్కువే పోయాక గాని చుక్కలు రాలేదు. స్కానర్‌లో 38 ఉండగా బిగించారు. ఈ ఉదయం రివర్సు వెంటనే పడింది. రెండో విడత ఎప్పుడు చేయించమంటారు?

షెడ్డు మాస్టారు (రావులపాలెం)

మీ పొద్దుటి ఆలస్యానికి మట్టం తగ్గడమే ముఖ్య కారణమని ఇప్పుడు తేలింది. వెయ్యి కిలోమీటర్లలోపు రెండో విడత చేయించండి. చాంబరు మళ్లీ విప్పనవసరం లేదు, బోల్టుతో దింపితే చాలు. అప్పుడే ఆ కూలర్ పైపు దగ్గర తుడిచి, మళ్లీ తడి చేరిందేమో చూడమనండి. చేరితే వాషరుతో ఆగదు, పైపే మార్చాలి. వరదనీళ్లలో దిగిన ప్రతి ఏడూ నీళ్లు తగ్గాక ఒకసారి పొంగుడు బోల్టు విప్పించి, రంగు చూసి బిగించండి. దానికి ఆయిల్ ఖర్చు లేదు, అరగంట పని.